ఇసుక పోసిన పెట్టె

పోయిన వారం జయకుమార్‌ను మనం నాయుడుపేటలో, వాళ్ల మామగారింటి వసారాలో, చేతిలో స్క్రూడ్రైవరు పట్టుకుని, నోట్లో మింగలేని కక్కలేని మాట ఒకటి పెట్టుకుని నిలబడి ఉండగా వదిలేశాం. స్క్రూడ్రైవరుతో పని అయిపోయింది. మాట మాత్రం ఇంకా అక్కడే ఉంది.

ఆ మాట ఏమిటో మరిచిపోయినవాళ్లకూ, ఈ వారమే మనతో కలిసినవాళ్లకూ నాలుగు ముక్కలు చెప్పి ముందుకు పోతాను.

జయకుమార్ కరెంటాఫీసులో గుమాస్తా. భార్య పుష్పకుమారితో మామగారింటి ముందువాటాలో కాపురం. పాట కంటే పాట వినిపించే యంత్రం మీద అతనికి మోజెక్కువ. మామగారు పరంజ్యోతి పనిలోంచి దిగిపోయిన మిషన్ స్కూలు పంతులు. గుడిలో కీర్తన ఎత్తుకోవడం ముప్ఫయ్యేళ్లు ఆయన వంతు. ఆయన గొంతు మంద్రంలోకి దిగితే కూర్చున్న బెంచీ చెక్క అదురుతుందని సంఘంలో చెప్పుకునేవారు.

రెండేళ్ల కిందట, అరవై రెండో సంవత్సరం క్రిస్మస్‌కు, జయకుమార్ మద్రాసు మూర్ మార్కెట్లో స్పీకరు ఒకటి కొనుక్కొచ్చి గుడి దూలానికి ఇనపతీగతో వేలాడగట్టాడు. పెట్టె లేదు, పలక లేదు, ఉత్త స్పీకరు. బజార్లో కాఫీ హోటలువాడు తన స్పీకరును కుండ మూతి మీద బోర్లించి పాటలు పెడుతుంటే చూసి తెగ నవ్వినవాడు మరి! కుండలూ బానలూ పల్లెటూరి తెలివి అనీ, స్పీకరుకు గాలి ధారాళంగా ఆడాలనీ అతని సైన్సు. ఆ పండగనాడు ఆ స్పీకర్లోంచి మామగారి గొంతు మేకపిల్ల అరుపులా వచ్చింది. మామగారికి గొంతు పోయిందనుకున్నాడు జయకుమార్. అనుకుని ఊరుకోలేదు. సంఘపెద్ద క్రీస్తురాజు చెవిలో వేశాడు, తన పేరు రానివ్వొద్దని బతిమాలుకున్నాడు కూడా. కొత్త సంవత్సరం నాటికి కీర్తన ఎత్తుకునే పని హార్మోనియం కుర్రాళ్లకు పోయింది. పరంజ్యోతి ఆ తరువాత గుడిలో గాని ఇంట్లో గాని పాడలేదు.

ఇక పోయిన వారం మీరు చదివిన కథ. ఇంట్లో పాట వినడానికి మంచి స్పీకరు పెట్టె ఒకటి తానే కట్టుకుందామని ఇంగ్లీషు పత్రిక ముందేసుకుని కూర్చున్న జయకుమార్, స్పీకరును ఉత్తగా బల్ల మీద పెట్టి రేడియో తిప్పాడు. వార్తలు చదివే పెద్దమనిషి ముక్కుతో మాట్లాడాడు. అదే స్పీకరును పెద్ద పలకకు రంధ్రం కోసి బిగించి మళ్లీ తిప్పితే, ఆ పెద్దమనిషికే గుండెల్లోంచి గొంతు వచ్చింది. పత్రికలో ఉన్నదే అది. స్పీకరు కాగితం ముందుకు తోసిన గాలి, అడ్డం లేకపోతే పక్కనుంచి వెనక్కు పోయి అక్కడి గాలితో కలిసి చచ్చిపోతుంది. సన్నస్వరాలు తప్పించుకుని బయటపడతాయి. మంద్రస్వరాలు పడలేవు. చదివిందంతా ఒక్కసారిగా అర్థమై అతనికి ముచ్చెమటలు పోశాయి. పోయింది మామగారి గొంతు కాదు. దాన్ని తినేసింది తన స్పీకరు.

ఇదీ ఆ మాట. చెప్పాడా? చెప్పలేదు. బదులుగా ఒక ఉపాయం ఆలోచించాడు. ఈ పెట్టె గుడికి ఇచ్చేద్దాం, సంఘపెద్దను పిలిచి వినిపిద్దాం, మామయ్య చేత మళ్లీ పాడిద్దాం, పోయిన చోటు ఆయనకు తిరిగి వచ్చేస్తుంది, ఎవరు పోగొట్టారన్నది ఎవరికీ తెలియనక్కరలేదు. తెలివిగలవాళ్లు సిగ్గుపడాల్సి వచ్చినప్పుడు ఇలాగే ఉపాయాలు ఆలోచిస్తారు.

ఆ తరువాత కొన్ని వారాలకు, ఒక శనివారం మధ్యాహ్నం. భోజనాలయ్యాయి. వసారాలో పెట్టె నిలబడి ఉంది.

నడుము ఎత్తు పెట్టె. గోడలు జంట చెక్కలు, చెక్కకూ చెక్కకూ నడుమ ఇసుక. పత్రికలో ఉన్న పద్ధతే అది. ఉత్త చెక్క అయితే పాటతో పాటు తనూ అదురుతుంది, ఇసుక పోస్తే నోరు మూసుకుంటుంది. కాని ఏ ఇసుక అన్నది పత్రికలో లేదు. జయకుమార్ దుగరాజపట్నం పోయినప్పుడు సముద్రపు ఒడ్డు నుంచి రెండు గోతాలు తెచ్చి పోశాడు. సన్నగా, తెల్లగా, చూడముచ్చటగా ఉందని మురిసిపోయాడు. కార్తీకం వానలు మొదలవగానే ఉప్పిసుక తేమ పీల్చుకుని చెక్కల అంచుల్లోంచి కన్నీళ్లు పెట్టుకుంది. అంతా విప్పి, స్వర్ణముఖిలో ఇసుక తెచ్చి, కడిగి, మళ్లీ పోయాల్సి వచ్చింది.

ఆ ఇసుక వేయించింది పరంజ్యోతి. వేరుశనక్కాయలు వేయించే మంగలం పొయ్యి మీద పెట్టుకుని, గరిట తిప్పుతూ, పిడికెడు తడి కూడా లేకుండా రోజుల తరబడి వేయించాడు. వద్దంటే వినలేదు. "నాకు మాత్రం ఏం పని ఉండాది ఇంట్లో?" అన్నాడు. ఒకరోజు వేడి ఇసుక చిమ్మి మణికట్టు కాలింది. జయకుమారే పరుగున పోయి సిరాబుడ్డి తెచ్చి పూశాడు. ఆ నీలిమచ్చ ఇంకా పూర్తిగా పోలేదు. సిరా పూస్తున్నప్పుడు కూడా ఆ మాట అతని నాలుక చివరి దాకా వచ్చింది, అక్కడే ఆగిపోయింది.

ఇసుక పోయడమయ్యాక పరంజ్యోతి పెట్టెకు చెవి ఆనించి, వేలి కణుపుతో నాలుగు పక్కలా తట్టి చూశాడు. వెనక పలక దగ్గర ఆగి, "ఇది ఇంకా మూలగతా ఉండాది. ఇంకొంచెం పొయ్యాల," అన్నాడు. ఎందుకని జయకుమార్ అడిగితే, "పెట్టె తను పాడకూడదు అబ్బయా. పాడేవోణ్ణి పాడనియ్యాల," అన్నాడు. జయకుమార్ తల వంచుకుని ఇసుక పోశాడు.

మొదట వచ్చింది సంఘపెద్ద క్రీస్తురాజు. ఇస్త్రీ జుబ్బా, చంకలో గొడుగు. కుర్చీలో కూర్చుని పెట్టెను చూశాడు గాని పరంజ్యోతి వైపు సూటిగా చూడలేదు. రెండేళ్లుగా ఆయన చూపు అంతే. వెనకాలే రైసుమిల్లు పద్మనాభయ్య వచ్చాడు. ఆయన ఈ సంఘం మనిషి కాడు, జయకుమార్‌కు యంత్రాల దోస్తు. మద్రాసులో దిగిన ప్రతి కొత్త యంత్రమూ ఆయన మిల్లు ఆఫీసులో ఉండాల్సిందే. మిల్లు మనిషి చేత జర్మనీ టేప్ రికార్డరు మోయించుకొచ్చాడు.

"ఏంబ్బా జయకుమారూ, నడిమింట్లో నిలబెట్టిన గాదె మాదిరి ఉండాదే! వడ్లు పోసినావా, పాటలు పోసినావా?"

"ఇసక పోసినారు," అంది అత్తగారు రెబెక్కమ్మ కాఫీ అందిస్తూ. "మా ఆయన చేతులు కాల్చుకోని మరీ పోసినారు."

పుష్పకుమారి తల్లి వెనక నిలబడి ఉంది. రెండో విడత కాఫీకి పాలు పొయ్యి మీద పెట్టి వచ్చింది. ఇంట్లో ఆమె ఒక్కతికే తెలుసు, క్రీస్తురాజుకు చెప్పింది తన భర్తేనని. స్పీకరు సంగతి మాత్రం ఆమెకూ తెలియదు.

రేడియో పెట్టారు. సన్నాయి వచ్చింది. మేళగాడు వసారాలోకే వచ్చి కూర్చున్నట్టుంది. డోలు మీద పుల్ల దెబ్బ, చేతి దెబ్బ వేరువేరుగా తెలిశాయి. క్రీస్తురాజు గొడుగు కింద పెట్టేశాడు. జయకుమార్ గొంతు సవరించుకున్నాడు. ఇదే అదను, పెట్టె గుడికిస్తానని ఇప్పుడే అనాలి.

"ఆగు ఆగు," అన్నాడు పద్మనాభయ్య. "రేడియో ఎవురికి కావాలబ్బా? పంతులుగారి కోసం నేనొకటి తెచ్చినా." జుబ్బా జేబులోంచి టేపుచక్రం తీశాడు. "ఆ పొద్దు క్రిస్మస్‌కు మీ గుడికి నన్ను పిలిచినారే, నా మిషను పెట్టి పంతులుగారి కీర్తన పట్టినాను గదా! మిల్లులో ఏదో మూలన పడి ఉండె. నిన్న కనపడింది."

జయకుమార్‌కు ఆ టేపు గుర్తుంది. ఆ రోజే గుడి ముంగిట్లో, పిల్లల గోలలో, రికార్డరుకు ఉన్న చిన్న స్పీకర్లో ఒకసారి విన్నారు. పాటేదో గోలేదో తెలియలేదు. తరువాత దాని మీద వేరే పాటలు ఎక్కించేసి ఉంటాడనుకున్నాడు. ఆ రికార్డరు మైకు వేరు, గుడి స్పీకరు మైకు వేరు. రికార్డరు మైకు పరంజ్యోతి నోటి ముందు స్టూలు మీద ఉంది. అంటే ఆయన అసలు గొంతు ఈ టేపులో ఉంది.

"ఇప్పుడెందుకులే అయ్యా," అన్నాడు పరంజ్యోతి మెల్లగా. "పోయిన గొంతును ఎవురు వింటారు?"

కానీ పద్మనాభయ్య వైరు తగిలించేశాడు.

హార్మోనియం ముందు వచ్చింది. ఆ వెనక పరంజ్యోతి గొంతు.

అది పోయిన గొంతు కాదు. మొదటి చరణం నిదానంగా మెట్టు మెట్టుగా దిగి, అట్టడుగున నిలబడి, అక్కడ ఊగకుండా ఆగింది. కాఫీ గ్లాసు మీద మూత సన్నగా అదిరింది. రెబెక్కమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పరంజ్యోతి మాత్రం పరాయివాణ్ణి చూసినట్టు పెట్టె వంక చూస్తున్నాడు.

క్రీస్తురాజు ముందుకు వంగాడు. "ఇది ఆ పండగ నాటిదేనా? ఆ పొద్దు మాకు ఇనపడింది ఇది కాదే!"

అందరూ జయకుమార్ వైపు చూశారు. యంత్రాల సంగతి అతన్నే గదా అడగాలి. చెప్పడానికి ఇంతకంటే మంచి అవకాశం దేవుడు కూడా ఇవ్వలేడు. జయకుమార్ నోరు తెరిచాడు.

"టేపులో కొంచెం బాగా వస్తుంది పెద్దయ్యా," అన్నాడు.

ఆ అబద్ధం నోటి నుంచి బయటికి రాగానే చెవులు వేడెక్కాయి. నాకు అతని మీద జాలి లేదు. మీకుంటే మీ ఇష్టం.

రెండో చరణం అయింది. హార్మోనియం ఒంటరిగా మోగింది. ఆ హార్మోనియం కింద ఏదో గురగురమంది. చిన్న స్పీకర్లో ఆ గురగుర గురగురగానే ఉండిపోయింది. మరి ఇది ఇసుక పోసిన పెట్టె. చీమ నడిచినా చెప్పేటట్టు జయకుమార్ తన చేతులతో తాను కట్టుకున్నాడు. గురగుర మాటలుగా విడివడింది. మగగొంతు, బాగా దగ్గర్నుంచి.

"మీ నాయన గొంతు పోయింది పుష్పా. మేకపిల్ల అరిచినట్టుండాది. క్రీస్తురాజు పెద్దయ్యకు నేను చెప్తాలే, ఈ పండగతో ఆపించెయ్యమని. మన పేరు బయటికి రాకండా చూసుకుంటా."

జయకుమార్ ఒక్క అంగలో రికార్డరు మీద పడి మీట నొక్కేశాడు. చక్రాలు ఆగాయి.

ఆ పండగనాడు అతను మామగారికి పక్కనే ఆంప్లిఫయరు ముందు కూర్చున్నాడు. అతని వెనకాలే పాటల గుంపులో ఆడవాళ్ల వరస, ఆ వరస చివర పుష్పకుమారి. క్రీస్తురాజుకు చెప్పింది గుర్తుందిగాని, దానికి ముందు భార్యతో అన్న మాట అతను ఎప్పుడో మరిచిపోయాడు. ఇప్పుడు గుర్తొచ్చింది. దానికి పుష్ప ఏం జవాబు చెప్పిందో అది కూడా గుర్తొచ్చింది. అందుకే అంత తొందరగా మీట నొక్కాడు. ఇందులో మాత్రం అతన్ని మెచ్చుకోవాలి. తన సిగ్గు ఎలాగూ నలుగురిలో పడింది, భార్యది పడకూడదనుకున్నాడు.

క్రీస్తురాజు గొడుగు కోసం కిందికి చూస్తున్నాడు. అల్లుడి ముఖంలోకి చూడలేక రెబెక్కమ్మ గోడవైపు తిరిగింది. అతనికి చొక్కా విప్పి నలుగురిలో నిలబెట్టినట్టుంది. కాళ్లెక్కడ పెట్టుకోవాలో, చేతులేం చేయాలో తెలియలేదు. వార్తలవాడికి గుండెల్లోంచి గొంతు తెప్పించినవాడికి తన గొంతు పెగల్లేదు.

"ఆపినావేంది అబ్బయా?" అన్నాడు పరంజ్యోతి.

"మామయ్యా..."

"తరవాత మా అమ్మాయి మాట ఉంది గదా. దాన్ని కూడా రానీ."

పుష్పకుమారి గుమ్మం పట్టుకుంది. "నాయనా!"

"మైకు నా నోటికాడ ఉన్నిందమ్మా," అన్నాడాయన. కోపం లేదు గొంతులో. పాఠం చెప్పినట్టే చెప్పాడు. "దానికి వినపడిన మాట నా చెవికి వినపడకుండా పోతాదా? పాడతానే విన్నా. ఇద్దరి మాటా విన్నా."

రెండేళ్లు! రెండేళ్లుగా ఈ మనిషి తమతో ఒకే పంక్తిలో కూర్చుని తిన్నాడు. పొద్దున్నే 'ఆఫీసుకు వేళయింది' అని గుర్తుచేశాడు. పొయ్యి ముందు కూర్చుని ఇసుక వేయించాడు. అంతా తెలిసే చేశాడు.

పరంజ్యోతే లేచి వచ్చి, మీట నొక్కాడు. పుష్పకుమారి గొంతు వచ్చింది. భర్త గొంతు కంటే సన్నం కాబట్టి ఇంకా స్పష్టంగా వచ్చింది.

"చెప్పండి. నేను వినలేకపోతా ఉండా. మా నాయనేనని చెప్పుకోను సిగ్గేస్తా ఉండాది."

పుష్పకుమారి అక్కడే గుమ్మంలో చతికిలబడింది. ఎవరూ ఆమెను లేపలేదు. టేపు సాగుతూనే ఉంది. హార్మోనియం మళ్లీ ఎత్తుకుంది, పరంజ్యోతి ఆఖరి చరణం అందుకున్నాడు. ఈసారి గొంతు మంద్రంలోకి దిగబోయి, సగంలో పట్టు జారింది. శ్రుతి తప్పింది. సర్దుకోబోయి మళ్లీ తప్పింది. ఎలాగో చివరికి చేరి ఆగింది. చక్రాలు ఖాళీగా తిరిగాయి.

"విన్నారు గదా," అన్నాడు పరంజ్యోతి. "మీరన్నదాంట్లో తప్పులేదు. పోయిన గొంతే. ఆ దూలం మీద స్పీకర్లో నాకే నా గొంతు అసయ్యంగా ఇనపడింది. పిల్లలన్నారని నాకు కోపం లేదు. అందుకే ఒక మాట కూడా అడగకుండా దిగిపోయినా." ఆయన పెట్టె మీద అరచెయ్యి వేశాడు. "అయితే ఆ ముందు చరణాలుండాయే, అయ్యెట్టా వచ్చినాయో నాకు అర్థం గాలేదు. అబ్బయా, నువ్వు చదువుకున్నోడివి. నిజం చెప్పు. అది నేను పాడతా ఉండానా, పెట్టె పాడతా ఉండాదా?"

పాపం పద్మనాభయ్య. మంచి మనిషి. అక్కడున్న అందరి మీదా జాలిపడి, "జర్మనీ మిషను గదండీ, దాని కత అట్టాగే ఉంటాది. ఎట్టాటి గొంతునైనా బాగుచేస్తాది," అన్నాడు.

"అదే అయ్యుంటాది," అన్నాడు క్రీస్తురాజు వెంటనే. ఆయనకు కూడా అదే కావాలి. గొంతు బాగున్న మనిషిని దించేశానని తెలిస్తే ఆయన మాత్రం ఏ ముఖం పెట్టుకుని గుడిలో నిలబడతాడు?

అందరూ కలిసి జయకుమార్‌కు దారి వేసి పెట్టారు. 'పెట్టె' అని ఒక్క మాట అంటే చాలు. ఇంటివాళ్లు భార్యను తిట్టుకున్నా, తనను తిట్టుకున్నా, ఇద్దరూ కలిసి మామగారి కాళ్లు పట్టుకున్నా నాలుగు రోజుల్లో సర్దుకుంటుంది. ఇంట్లో మాట ఇంట్లోనే ఉంటుంది. అయితే మామగారు మాత్రం తన గొంతు పోయిందనే అనుకుంటూ బతుకుతాడు, అలాగే పోతాడు. జయకుమార్ ఆయన మణికట్టు వైపు చూశాడు. నీలిమచ్చ.

"పెట్టె పాడలేదు మామయ్యా," అన్నాడు. "దాన్ని పాడనియ్యకుండా ఇసక పోసింది మీరే గదా. అది మీ గొంతే. ఆ పొద్దు కూడా అంతే బాగుండె. నేను గుడిలో కట్టిన స్పీకరుకు పెట్టె లేదు. పెట్టె లేకపోతే కింది స్వరాలు గాల్లోనే చచ్చిపోతాయి. మీ గొంతులో ఉండేదంతా కింది స్వరాలే గదా. దాన్ని నా స్పీకరు తినేసింది. మీ చెవిని కూడా అదే మోసం చేసింది. కడ చరణం తప్పింది కూడా... అది మా మాట విన్నాక తప్పింది."

అంతా ఒక్క ఊపిరిలో చెప్పాడు. చెప్పాక కన్నీళ్లు ఆగలేదు. తుడుచుకోవడానికి కూడా సిగ్గేసి అలాగే వదిలేశాడు.

పరంజ్యోతి ముఖంలో ముందు వెలుగు వచ్చింది. గొంతు పోలేదు అన్న వెలుగు, చిన్నపిల్లవాడికి వచ్చినట్టు వచ్చింది. పెదవులు కదిలాయి. ఏదో స్వరం లోపల పట్టుకుని చూసుకుంటున్నట్టుంది. ఆ తరువాత ఆ వెలుగు మెల్లగా పోయింది.

"ఈ సంగతి నీకెప్పుడు తెలిసింది?"

"పెట్టె చేసేటప్పుడు, మామయ్యా."

"అది కాదు నేనడిగేది." ఆయన కాలిన మణికట్టును రెండో చేత్తో పట్టుకున్నాడు. "నేను ఇసక వేయించక ముందా, తరవాతా?"

జయకుమార్ ఈ ప్రశ్న వస్తుందనుకోలేదు. ఇంతసేపూ పడిన సిగ్గంతా ఈ ఒక్కదాని ముందు ఏమీ కాదనిపించింది.

"ముందే," అన్నాడు.

రెబెక్కమ్మ, టేపు పెట్టిన దగ్గర్నుంచి ఒక్క మాట కూడా అననిది, "అయ్యో కొడకా," అని కొంగు ముఖం మీదికి లాక్కుని గోడకు చేరగిలబడింది.

పరంజ్యోతి తల ఊపాడు. రెండేళ్ల కిందటి మాటకు రాని కోపం ఇప్పుడు వచ్చింది. ఆయన కోపం వచ్చినా అరవడు. గొంతు ఇంకా కిందికి దిగుతుంది.

"పెద్దయ్యా," అన్నాడు క్రీస్తురాజుతో. "రేపు ఆరాధనలో ఈ పెట్టె గుడిలో ఉండాల. టేపు కూడా. మొదటి నుంచి కడదాకా వినిపియ్యాల."

"మొత్తమా?" క్రీస్తురాజు ఉలిక్కిపడ్డాడు. "ఆ మాటలు కూడానా? సంఘంలో పరువు..."

"ఆ పొద్దు ఆ దూలం మీద స్పీకర్లో నన్ను విన్నోళ్లంతా రేపు అక్కడే ఉంటారు. నా గొంతేందో వాళ్లకు తెలియాల. కడ చరణం ఎందుకు తప్పిందో తెలియాలంటే దానికి ముందు మాట తెలియాల గదా." ఆయన పద్మనాభయ్య వైపు తిరిగాడు. "అయ్యా, మీ మిల్లు ఎద్దులబండి ఒకసారి తోలిస్తారా? ఇప్పుడే చేర్చేస్తే రేపటికి నిమ్మళం."

ఆ మాట తీసెయ్యడం పద్మనాభయ్య వల్ల కాలేదు. బండి చూస్తానని బయటికి నడిచాడు. క్రీస్తురాజు గొడుగు తీసుకుని, ఎండలోకి వెళ్లినా విప్పడం మరిచి, ఆయన వెనకాలే పోయాడు.

పరంజ్యోతి పంచె ఎగ్గట్టి, పెట్టె ఒక పక్క కింద రెండు చేతులూ పెట్టాడు. "ఇది ఒకడి వల్ల అయ్యేది కాదు. రా, ఆ పక్క పట్టుకో."

జయకుమార్ కళ్లు తుడుచుకుని వచ్చి రెండో పక్క పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి ఎత్తారు. రెండు గోతాలకు పైగా ఇసుక. నరాలు తెగేంత బరువు. ముసలాయన మోకాళ్లు ఒక్కసారి మడతపడబోయి నిలబడ్డాయి. జయకుమార్ వెనక్కు వెనక్కు అడుగులేస్తూ వసారా మెట్టు వైపు నడుస్తుంటే, ముసలాయన చూపంతా కాళ్ల కింద ఉంది.

అప్పుడు జయకుమార్‌కు పెట్టె మీదుగా ఇంటి గుమ్మం కనపడింది. పుష్పకుమారి గుమ్మంలోంచి లేచింది. రికార్డరు దగ్గరికి వచ్చింది. చక్రం ఊడదీసి, కొంగులో చుట్టుకుని, వెనక్కు తిరిగి వంటింటి వైపు నడిచింది.

గుమ్మంలో ఆమె ఒక్కసారి తిరిగి చూస్తే, జయకుమార్ ఆమె కళ్లలోకి చూశాడు. ఆమె తల అడ్డంగా ఊపింది, అరవొద్దన్నట్టు.

చేతులు వదిలితే పెట్టె మామగారి కాళ్ల మీద పడుతుంది. అరిస్తే భార్యను తండ్రికి పట్టిచ్చినవాడవుతాడు. ఊరుకుంటే ఆ గొంతుకు లోకంలో ఉన్న ఒకే ఒక్క సాక్ష్యం మరి ఉండదు.

"ఏంది అబ్బయా, ఆగినావు?" అన్నాడు పరంజ్యోతి తల ఎత్తకుండా.

వంటింట్లో పాలు పొంగిన వాసన వస్తోంది. పొయ్యి ఇంకా మండుతూనే ఉంది.